సత్తెక్క నిలబడి నడిపిన దుకాణం

ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఆగని ఊళ్లకే నేను వెళ్తానని ఈ బ్లాగు చదివేవాళ్లకు తెలుసు. ఈసారి మాత్రం సరదా పుట్టి వెళ్లలేదు, పని పడి వెళ్లాను. మా పుట్టిల్లు సిర్పూర్ దగ్గర ఒక పల్లె. నా చిన్నప్పుడు అక్కడి చావడి ముందు కిరాణా దుకాణాలు ఉండేవి, వాటి ముందు మనుషులు ఉండేవాళ్లు. ఇప్పుడు దుకాణం లేదు, మనుషులూ లేరు. ఉప్పు ప్యాకెట్ అయిపోతే ఆటో ఎక్కి సిర్పూర్ పోవాల్సిందే. కొత్త జిల్లాలు చేసి మమ్మల్ని ఆదిలాబాద్ నుంచి తీసి ఆసిఫాబాద్ కింద వేశాక మీటింగులు ఎక్కువయ్యాయి. ప్రతి మీటింగులోనూ ఏదో ఒక ఆదర్శ గ్రామం ఫోటోలు తెర మీద వేస్తారు. అలాంటి ఒక మీటింగులో మా వదిన పద్మ ఒక ఫోటో చూసింది. మహారాష్ట్రలో, చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో ఒక తెలుగు ఊరు. ఊరి నడుమ రంగులేసిన దుకాణం, దాని ముందు నాపరాళ్లు పరిచిన గద్దె, గద్దె నిండా జనం. దుకాణం పెట్టింది అక్కడి మహిళా సంఘం. ఒక్క దుకాణంతో ఊరి నడిబొడ్డుకు మళ్లీ ప్రాణం వచ్చిందని ఫోటో చూపించిన అధికారి చెప్పాడట.

మా వదిన మా ఊరి మహిళా సంఘానికి అధ్యక్షురాలు. ఫోటో చూసిన రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు. “నువ్వెట్లనన్న రైళ్లల్ల తిరుగుతనే ఉంటవ్ గద, జర పోయి సూసి రా. మనం గూడ గట్లనే పెడుదం,” అంది. నేను కాగజ్‌నగర్‌లో ఆడపిల్లలకు కుట్టు నేర్పుతాను, ఆదివారం సెలవు. మరాఠీ కూడా కూరగాయల బేరానికి సరిపోయేంత వచ్చు. సరే అన్నాను. ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకో చదివితే మీకే అర్థమవుతుంది.

కాగజ్‌నగర్‌లో పొద్దున్నే బల్లార్షా వైపు వెళ్లే ప్యాసింజర్ ఎక్కాను. విరూర్‌కు టికెట్ పది రూపాయలు. దూరం చూస్తే గంటలో చేరాలి, కానీ మాకుడిలో బండిని పక్క లైన్లో పెట్టి, బొగ్గు నింపుకున్న గూడ్సులను ఒకదాని వెనక ఒకటి పంపించారు. ఈ లైన్లో బొగ్గుకున్న మర్యాద మనిషికి లేదు. టిఫిన్ కట్టుకుని వెళ్లడం మంచిది, మాకుడిలో టీ కూడా దొరకదు. కిటికీలోంచి చూస్తే రెండు వైపులా పత్తి చేలు, వంగి పత్తి ఏరుతున్న ఆడవాళ్లు. ప్లాట్‌ఫారం మీద మాత్రం మగవాళ్లు గుంపుగా కూర్చుని ఎదురు బండి కోసం చూస్తున్నారు. ఎక్కడికని పక్కనున్న పెద్దాయనను అడిగితే నవ్వాడు. చంద్రపూర్ జిల్లాలో మందు బంద్ పెట్టారు, అందుకని అటు మగవాళ్లు సెలవు దొరికితే రైలెక్కి సిర్పూర్ వస్తారట. ఆ మాట అప్పుడు నవ్వుకుని వదిలేశాను. ఈ కథంతా అక్కడే మొదలైందని నాకు మధ్యాహ్నం దాకా తెలియలేదు.

విరూర్ స్టేషన్ బయట షేర్ ఆటోలు ఉంటాయి, మనిషికి ఇరవై రూపాయలు. నిండితేనే కదులుతాయి. నేనెక్కిన ఆటో నడిపే అబ్బాయి సంతోష్, రాజురాలో మరాఠీ బడిలో చదివాడు. తెలుగు మాట్లాడతాడు గానీ ఒక్క అక్షరం చదవలేడు. ఎక్కడికని అడిగి, విని, అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు.

“దుకాణం సూడనీకా? మొన్న గూడ నాగపూర్‌కెల్లి ఆఫీసర్ సాయబులు వచ్చిండ్రు. ఫోటోలు తీస్కొని పోయిండ్రు,” అన్నాడు.

“బాగా నడుస్తుందా?” అని అడిగాను.

“మస్తు గర్దీ ఉంటది అక్కడ,” అన్నాడు. గర్దీ, అంటే జనం, ఉంటుందన్నాడే గానీ దుకాణం నడుస్తుందని అనలేదు. మాటలు పట్టి చూడడం నా వృత్తి కాదు కాబట్టి అప్పుడు పట్టించుకోలేదు.

ఊరు చేరేసరికి పది దాటింది. నిజం చెప్పాలంటే మొదటి చూపుకి నేనూ మురిసిపోయాను. ఊరి నడుమ చౌక్ చక్కగా ఊడ్చి ఉంది. దుకాణానికి ఆకుపచ్చ రంగు, కొత్త షట్టర్, మరాఠీలో పెద్ద బోర్డు. ముందు నాపరాళ్ల గద్దె, దాని మీద రేకుల నీడ, ఒక మూల గోడకు టీవీ. పదిహేను ఇరవై మంది మగవాళ్లు కూర్చుని ఉన్నారు. కొందరు టీవీ చూస్తున్నారు, కొందరు అరచేతిలో ఖర్రా నలుపుతున్నారు. ఖర్రా అంటే వక్క, పొగాకు, సున్నం కలిపి రుద్ది నమిలేది, ఈ జిల్లాలో అన్నం లేకపోయినా అది ఉండాలి. మా ఊరి చావడి గుర్తొచ్చింది. మా దగ్గర ఇలా ఎందుకు లేదు అనుకున్నాను.

గద్దె మీద నడుమ కూర్చున్న పెద్దమనిషి లేచి నాకు కుర్చీ వేయించాడు. పేరు భూమన్న. తెల్ల ధోవతి, తెల్ల మీసం, మాట నెమ్మది. దుకాణం కట్టిన జాగా వాళ్ల కుటుంబానిదే, ఊరికి ఉచితంగా ఇచ్చాడు. గద్దెకు రాళ్లు తన బండి మీదే తోలించాడు. “మాది గూడ ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లనే చెల్లె,” అన్నాడు. “భాషల లెక్కన రాష్ట్రాలు ఇడగొట్టినప్పుడు మమ్ముల ఇటు ఏసిండ్రు. మా నాయిన పట్టాలన్ని ఉర్దూల ఉన్నయ్, నా పట్టాలు మరాఠీల ఉన్నయ్, ఇంట్ల మాటలేమో తెలుగుల. ఎటు ఏసినా ఊరి నడుమ నలుగురు కూసునే జాగా లేకుంటే అది ఊరెట్లయితది?” ఆ మాట నాకు చాలా నచ్చింది. ఫోన్‌లో రాసుకున్నాను కూడా. ఇప్పుడు చదువుకుంటే నవ్వొస్తుంది, అదీ మంచి నవ్వు కాదు.

దుకాణంలో ఉన్నావిడ భూమన్న తమ్ముడి భార్య. పేరు సత్తెమ్మ, ఊరంతా సత్తెక్క అంటుంది, నాకంటే పదేళ్లు చిన్నదైనా నేనూ అలాగే అన్నాను. తల మీద కొంగు కనుబొమల దాకా కప్పుకుంది. మాట వినపడీ వినపడనట్టు ఉంది. కౌంటర్ లోపల మంచి స్టూలు ఒకటి ఉంది, దాని మీద సబ్బుల డబ్బా పెట్టి ఉంది. ఆవిడ మాత్రం నిలబడి ఉంది. నేను వెళ్లినప్పుడు నిలబడే ఉంది, నాకు టీ పోసినప్పుడు నిలబడే ఉంది. అరల్లో పప్పులు, చింతపండు, సబ్బులు, నూనె ప్యాకెట్లు అన్నీ వరసగా సర్ది ఉన్నాయి. కందిపప్పు ప్యాకెట్ చేతిలోకి తీసుకుంటే వేలికి దుమ్ము అంటింది, లోపల పురుగు కనిపించింది. కళకళలాడుతున్నవి మూడే, బీడీ కట్టలు, బిస్కెట్లు, టీ గ్లాసులు.

ఒక అమ్మాయి వచ్చింది, కొత్త కోడలిలా ఉంది. చెప్పులు చేతిలో పట్టుకుని, తల దించుకుని, గద్దె అంచున ఎంత పక్కకు వీలైతే అంత పక్కకు జరిగి నడిచింది. చెప్పు తెగిందేమో అనుకున్నాను. కౌంటర్ దగ్గర నిలబడి ఏదో అడగబోయి, వెనక్కి చూసి ఆగిపోయింది. సత్తెక్క అడగలేదు. ఒక బట్టల సబ్బు తీసి చేతిలో పెట్టింది. అమ్మాయి అది తీసుకుని అలాగే చెప్పులు చేతిలో పట్టుకుని వెళ్లిపోయింది, గల్లీ మలుపు తిరిగాక చెప్పులు వేసుకుంది. ఆ అమ్మాయికి కావలసింది సబ్బు కాదని, ఆడవాళ్లకు నెల నెలా అవసరమయ్యేదని సత్తెక్క తర్వాత చెప్పింది. టీవీ ముందు ఇరవై మంది మగవాళ్లు, అందులో సొంత మామ. ఎలా అడుగుతుంది?

మధ్యాహ్నం భోజనాల వేళకు గద్దె ఖాళీ అయింది. భూమన్న కూడా ఇంటికి లేచాడు. ఆయన గల్లీలోకి మళ్లగానే సత్తెక్క సబ్బుల డబ్బా కింద పెట్టి, స్టూలు మీద కూర్చుని, రెండు కాళ్లు చాపింది. పాదాలు వాచి ఉన్నాయి. కొంగు వెనక్కి తోసేసి నన్ను చూసి నవ్వింది. అప్పుడు గానీ ఆమె ముఖం నాకు కనపడలేదు.

“మా ఇండ్లల్ల పెద్దోళ్ల ముంగట కోడలు చెప్పులు ఏస్కోదు, బావ ముంగట తమ్ముని పెండ్లాం కూసోదక్కా,” అంది. “మాట గూడ డైరెక్టు మాట్లాడది. లగ్గమై వచ్చిన కాంచి నేను మా బావతోని ఒక్క మాట మాట్లాడలే. ఆయన గూడ నన్ను పేరు వెట్టి పిలువడు. ఆయన పొద్దుగాల వచ్చి కూసుంటడు, పొద్దుమీకి లేస్తడు. అప్పటి దాక నేను నిలవడుడే.”

అంటే తన దుకాణంలో తను రోజంతా నిలబడే ఉంటుంది. ఈ పద్ధతి మా వైపూ ఉంది, నాకు కొత్త కాదు. కానీ దాన్ని ఇలా దుకాణంలో పెట్టి, షట్టర్ ఎత్తి, దాని ముందు గద్దె కట్టి చూడడం అదే మొదలు. ఒళ్లు మండింది. మరి ఇంత తెలిసీ ఇక్కడ దుకాణం ఎవరు పెట్టమన్నారు అని అడిగాను. ఏ ఇంజనీరో, ఏ అధికారో అని చెబుతుందనుకున్నాను.

“మేమే,” అంది.

సత్తెక్క పుట్టిల్లు చంద్రపూర్‌లో బాబుపేట్. తండ్రి మంచిర్యాల వైపు నుంచి బొగ్గు గనికి పనికి వచ్చినవాడు. పెళ్లయి ఈ ఊరికి వచ్చాక ఇంటి పక్క గదిలో చిన్న కిరాణా పెట్టుకుంది. దాని వాకిలి చౌక్ వైపు కాదు, వెనక సన్న గల్లీలోకి ఉండేది. అటు మగవాళ్లు రారు. చేను నుంచి వచ్చే ఆడవాళ్లు గంప దించి అక్కడే కూర్చునేవాళ్లు. గింజలు తెచ్చి చక్కెర తీసుకుపోయేవాళ్లు, పిల్లల జ్వరాల సంగతి చెప్పుకునేవాళ్లు, అత్తల మీద మనసారా పడి ఏడ్చేవాళ్లు. ఆ కబుర్లతోనే ఊళ్లో మహిళా సంఘం పుట్టింది. తర్వాత జిల్లాలో మందు బంద్ పెట్టారు. ఆడవాళ్లు సంబరపడేలోపే మగవాళ్లు రైలెక్కడం నేర్చుకున్నారు. పొద్దున పోయి మాపటికి వచ్చేవాళ్లు, కొందరు మర్నాటికి వచ్చేవాళ్లు. ఊళ్లో కూర్చునే జాగా లేకనే ఇలా పోతున్నారని సంఘంలో అనుకున్నారు. చౌక్‌లో నీడ, గద్దె, టీవీ, టీ ఉంటే మనిషి ఊళ్లోనే ఉంటాడు కదా అని లెక్క వేశారు. సంఘం దుకాణం అక్కడే పెడితే టీ కూడా అమ్మవచ్చు. భూమన్న దగ్గరికి అందరూ కలిసి వెళ్లి జాగా అడిగారు, సత్తెక్క వాళ్ల వెనక నిలబడింది. కొత్త దుకాణం నిలదొక్కుకోవాలంటే ఊళ్లో ఇంకో దుకాణం ఉండకూడదని కూడా వాళ్లే తీర్మానం చేశారు. దానికి ముందుగా చెయ్యి ఎత్తింది సత్తెక్క.

“అనుకున్నట్టే అయిందక్కా,” అంది పాదాలు ఒత్తుకుంటూ. “మగోళ్లు రైలెక్కుడు బంద్ చేసిండ్రు. అందరు వచ్చి గద్దె మీద కూసున్నరు. ఇగ ఆడోళ్లు వచ్చుడు బంద్ అయింది.”

సంఘం ఆడవాళ్లు బుద్ధితక్కువ వాళ్లు కాదు. మొగుడు ఇంటి పట్టున ఉండాలనుకున్నారు, ఉన్నాడు. ఆ ఆరాటంలో తాము ఎటు నడవాలో మర్చిపోయారు. నేనూ అంతే కదా, పొద్దున ఆ గద్దె చూసి మురిసిపోయినదాన్ని.

ఇంతలో వెనక గల్లీలో హారన్ మోగింది. సత్తెక్క షట్టర్ సగం దించి, అన్నానికి రమ్మని నన్ను ఇంటికి తీసుకెళ్లింది. గల్లీలో ఒక ఆటో ఆగి ఉంది, వెనక సీటు తీసేసి అరలు కొట్టించారు. రాజురా నుంచి రోజూ ఈ వేళకే వస్తుందట, గద్దె మీద మగవాళ్లు తిండికి లేచే వేళ చూసుకుని. గుమ్మాల్లోంచి ఆడవాళ్లు ఒక్కసారిగా బయటికి వచ్చారు. పప్పు, నూనె, కొబ్బరి నూనె, పొద్దున ఆ కొత్త కోడలు అడగలేకపోయినవి కూడా, అన్నీ అక్కడ కొన్నారు. ధర దుకాణం కంటే ఎక్కువే. సత్తెక్కను చూసి కొందరు సంచీ కొంగు కింద దాచుకున్నారు. ఒకావిడ మాత్రం, సంఘంలో సభ్యురాలే, దగ్గరికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఏం అనుకోకు సత్తెక్కా. నీ దుకాణం గల్లీల ఉంటే నీ తాననే కొంటుంటి,” అంది.

“నేనేమన్ననా?” అంది సత్తెక్క.

ఇంట్లో జొన్న రొట్టె, వంకాయ కూర, రోట్లో దంచిన పచ్చిమిర్చి కారం పెట్టింది. ఈ వైపు వస్తే ఆ కారం తినకుండా పోకండి, కళ్లలో నీళ్లు వచ్చినా సరే. పాత దుకాణం గది చూపించింది. అందులో ఏరిన పత్తి కుప్ప పోసి ఉంది, అరలు గోడకే ఉన్నాయి. దుకాణం మళ్లీ ఈ గదిలోకి తెచ్చుకుంటే చాలు, బతికిపోతానంది. సంఘంలో ఆడవాళ్లు ఒప్పుకున్నారు. భూమన్న ఊ అనాలి. ఆయన ఈ ఇంటికి పెద్ద, ఊరి కమిటీకీ పెద్ద. ఆయనతో ఆమె మాట్లాడకూడదు. భర్త మల్లేశ్ మాట్లాడడు, అన్న ముందు నోరు తెరిచే అలవాటు అతనికి లేదు. సంఘం ఆడవాళ్లందరికీ ఆయన మామో బావో అవుతాడు, వాళ్లూ గద్దె ముందు నోరెత్తరు. జాగా అడిగేటప్పుడు నోరొచ్చింది, వద్దని చెప్పేటప్పుడు రాలేదు.

“నువ్వు పై ఊరిదానివి. నీకు వాళ్లు ఏమి గారు. నువ్వు చెప్తవా?” అంది. రొట్టె నమలడం ఆపి చూశాను. ఆమె కళ్లు తిప్పలేదు. చెప్తానన్నాను. నాకు మాటలకు కొదవ లేదు, ఆ ఊళ్లో వరసలూ లేవు. ఇంతకంటే తేలిక పని ఏముంటుందనుకున్నాను.

మూడు గంటలకు గద్దె మళ్లీ నిండింది. సత్తెక్క కొంగు కిందికి లాక్కుని కౌంటర్‌లో నిలబడింది. నేను కుర్చీ ఆమెకు, భూమన్నకు నడుమ వేసుకున్నాను. ఇద్దరికీ మధ్య దూరం నాలుగడుగులు కూడా లేదు.

“భూమన్నా, సత్తెక్క ఒక మాట అడగమంది,” అన్నాను.

“అడుగుమను,” అన్నాడు నన్ను చూస్తూ.

“దుకాణం మళ్ల ఇంటికి తీస్కపోతనని చెప్పక్కా,” అంది సత్తెక్క గోడ వైపు తిరిగి. నేను చెప్పాను. ఆయన ఆమె నోటి నుంచే విన్నాడు, అయినా నేను చెప్పేదాకా ఆగాడు.

“ఎందుకంట?”

“ఆడోళ్లు గీడికి వస్తలేరని చెప్పు. సామానుకు పురుగు వడ్తుందని చెప్పు.” చెప్పాను.

“ఎందుకు వస్తలేరంట?”

ఆ మాట నేను ఆమెను అడగలేదు, నా అంతట నేనే అన్నాను. “మీరు కూర్చుంటున్నారని రావడం లేదు భూమన్నా. మీ ముందు నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని ఎవరొస్తారు?” ఆయన కోపం చేసుకోలేదు. నిజంగా ఆలోచించాడు. ఆ ఆలోచన చూస్తే ఇది ఇన్నాళ్లూ ఆయన మనసుకే రాలేదని తెలిసింది.

“మేం కూసోనీకే గద చెల్లె వాళ్లు గద్దె కట్టిచ్చింది,” అన్నాడు చివరికి. “చేతులు జోడిచ్చి అడిగిండ్రు. ఇప్పుడు లెవ్వుమంటే ఎటు పోవాలె? మళ్ల సిర్పూర్ బండికా?” గద్దె మీద నవ్వారు. ఆయన అడిగింది నిజమే.

తర్వాత ఆయన గొంతు మెత్తబడింది. “ఆమెకు కష్టమైతుందా, గా మాట అడుగు,” అన్నాడు.

పెళ్లయిన నాటి నుంచి ఈ మాట ఆయన అడిగింది లేదు, ఆమె చెప్పింది లేదు. “అయితుందని చెప్పక్కా,” అంది సత్తెక్క.

“అయ్యో,” అన్నాడు భూమన్న. మనస్ఫూర్తిగానే అన్నాడు. “ముందే చెప్పాలె గద. నిలవడి నిలవడి కాళ్లు గుంజుతున్నయ్ కావచ్చు. మాకేం తెలుస్తది. రేపటి సంది రావద్దని చెప్పు, ఇంటి పట్టున సుఖంగుండుమను. మా రమేశ్ ఖాళీగనే ఉన్నడు, వాడు కూసుంటడు దుకాణంల.” రమేశ్ ఆయన కొడుకు, గద్దె మీదే ఉన్నాడు, ఫోన్ చూసుకుంటున్నాడు. తండ్రి మాటకు తలూపాడు.

“ఖర్రా గూడ పెట్టుమను, మస్తు నడుస్తది,” అన్నాడు వెనక నుంచి ఎవరో.

ఆమె అడిగింది ఇది కాదు, ఇంట్లో నడుపుకుంటానంది అని మళ్లీ చెప్పాను, గట్టిగానే చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. “ఊరికి ఒక్కటే దుకాణమని ఆడోళ్లే తీర్మానం జేసి ఠరాయించిండ్రు. గా మాట మా ఇంటి మనిషే తప్పితే రేపు ఊరోళ్లు నన్నేమంటరు? సాయబులు వచ్చి ఏమైందంటే ఏం చెప్పాలె?” అన్నాడు. మల్లేశ్ అప్పుడే చేను నుంచి వచ్చి గద్దె చివర నిలబడి ఉన్నాడు. అతని వైపు చూశాను. అతను కాలి బొటనవేలితో మన్ను గీస్తున్నాడు.

సత్తెక్క తాళాలు తీసి కౌంటర్ మీద పెట్టింది. అవి తీసి భూమన్న చేతికి ఇవ్వడం ఆమెకు కుదరదు, కౌంటర్ దగ్గరికి వచ్చి తీసుకోవడం ఆయనకు కుదరదు. ఇద్దరూ నన్నే చూశారు. “ఇవ్వనా?” అని ఆమెను అడిగాను. “ఇయ్యి,” అంది. ఇచ్చాను. ఆయన కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం బండి అందుకోవాలంటే నాలుగున్నరకల్లా ఊరు దాటాలి. సంతోష్ ఆటో పట్టుకుని చౌక్‌లోనే ఉన్నాడు. సత్తెక్క నాతో గల్లీ మలుపు దాకా వచ్చింది. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండేది. “నువ్వు మంచిగనే చెప్పినవక్కా, నా తప్పేం లేదు, నీ తప్పేం లేదు,” అంది. కొంచెం ఆగి, “మీ ఊళ్లె గూడ దుకాణం పెడ్తమంటివి గద. కౌంటర్ల మనిషి కావాల్నా?” అని అడిగింది.

“ఇక్కడి నుంచి రోజూ ఎలా వస్తావు?” అన్నాను.

“పొద్దుగాల బండికి వస్త, పొద్దుమీకి బండికి పోత. మగోళ్లు తాగనీకి పోలేదా గట్ల? నేను కష్టం చేసుకోనీకి వస్త.” నా ముఖంలోకి చూసింది. “మీ ఊళ్లె నాకు బావలెవ్వరు లేరు గద.”

వదినను అడుగుతానన్నాను. ఆటో కదిలాక వెనక్కి చూడలేదు. రైలు మాకుడిలో మళ్లీ ఆగింది, బొగ్గు మళ్లీ ముందు పోయింది. మర్నాడు పుట్టింటికి వెళ్లి మా వదినకు పూసగుచ్చినట్టు అంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, “మనోళ్లు గట్ల కాదు,” అంది. మా పెద్దన్న ముందు నువ్వెప్పుడైనా కూర్చున్నావా అని అడిగాను. ఆయన ఆమెకు బావ. వదిన మెల్లగా, “గద్దెకు పైసలు ఇస్తనన్నది మీ పెద్దన్ననే,” అంది. సత్తెక్క సంగతి అడిగాను. పొరుగు రాష్ట్రం మనిషిని పెడితే ఊళ్లో ఆడవాళ్లు ఊరుకోరంది.

ఊరి నడిబొడ్డును బతికించాలని మనమంతా తిరుగుతున్నాం. ఆ ఊరికి నడిబొడ్డు ముందే ఉంది. అది సన్న గల్లీలో, పక్క గది వాకిట్లో, గంపలు దించుకునే చోట ఉండేది. దానికి బోర్డు లేదు, గద్దె లేదు, మగవాళ్లు లేరు, కాబట్టి ఎవరికీ అది నడిబొడ్డుగా కనపడలేదు, చివరికి అందులో కూర్చున్న ఆడవాళ్లకు కూడా. దాన్ని తీసుకొచ్చి చౌక్‌లో పెట్టి చంపి, రంగు వేశారు. ఇందులో చెడ్డవాడు ఒక్కడు దొరికినా నాకు కొంత శాంతి ఉండేది. భూమన్న మంచివాడు. మల్లేశ్ మెత్తనివాడు. సంఘం ఆడవాళ్లు తెలివైనవాళ్లు. అంత మంచివాళ్లందరూ కలిసి ఒక మనిషికి ఉన్న ఒక్క గదినీ లేకుండా చేశారు, ఆమె సుఖం కోరి. దుకాణం ఇప్పుడు బాగా నడుస్తోందట. ఖర్రా పెట్టారట. ఫోటోలో గద్దె ఇంకా నిండుగా కనిపిస్తుంది.

మీ ఊళ్లో కూడా ఇలాంటి దుకాణం పెట్టాలని ఈ వైపు చూడ్డానికి వచ్చేవాళ్లకు ఒక్క మాట. విరూర్‌లో పొద్దుటి బండి దిగండి, తిరుగు ఆటో ముందే మాట్లాడుకోండి, చీకటి పడితే దొరకదు. చౌక్‌లో టీ తాగండి, కానీ అక్కడ దుకాణం చూసి నిర్ణయానికి రాకండి. భోజనాల వేళకు లేచి వెనక గల్లీలోకి వెళ్లి, హారన్ మోగే దాకా నిలబడండి. దుకాణం ఎక్కడ ఉండాలో అప్పుడు తెలుస్తుంది. అక్కడ చోటు ఇరుకు, ఫోటో మాత్రం బాగా రాదు.